ఎస్తేరమ్మ గారు తియ్యనివ్వని ఫోటో

కొత్త గుడ్డ వాసన తగిలితే అందరికీ పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం వెళ్ళిపోతున్న ఒక జీపు గుర్తొస్తుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక చిన్న బడికి హెడ్మిస్ట్రెస్‌ని నేను. మొన్న పిల్లలకి ఒక దాత పంపిన యూనిఫారాల మూటలొచ్చాయి. అటెండరు ముడి విప్పగానే గంజీ రంగూ కలిసిన ఆ ఘాటు గదంతా కమ్మేసింది. దాత గారి మనిషి పక్కనే నిలబడి, "స్టేజి ఎక్కడ వేయిస్తున్నారు మేడమ్?" అని అడిగాడు. "స్టేజి లేదు" అన్నాను. మామూలుగానే అన్నాననుకున్నాను గానీ పాపం ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు నేను ఎస్తేరమ్మ గారి దగ్గర నేర్చుకున్నాను. ఆవిణ్ణి మీరెవరూ చూసుండరు కాబట్టి చెబుతాను.

మాచవరంలో మా పక్క వాటాలో ఉండేవారు. రిటైరైన నర్సు. వీధిలో అందరూ ముక్కుసూటి మనిషనేవాళ్ళు. మా అమ్మయితే "ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు" అనేది. క్రిస్మస్ సెలవలొస్తే టెన్తూ ఇంటరూ చదివే మమ్మల్నందర్నీ పోగేసేవారు. మాది చర్చికెళ్ళే ఇల్లు కాదు, అయినా "టీవీ ముందు కూర్చుని ఎవర్ని ఉద్ధరిస్తావే, పద" అని నన్నూ లాక్కెళ్ళేవారు. ఉయ్యూరు అవతల ఒక హాస్టలు ఉండేది. చెరుకు నరకడానికి ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళ పిల్లలు అందులో చదువుకునేవాళ్ళు. నరుకుడు జోరుగా సాగేది పండగ రోజుల్లోనే, అందుకని వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఆ పిల్లలకి కొత్త బట్టలు కుట్టించి ఇవ్వడం మా పని.

నేను చెప్పబోయే ఏడు రంజానూ క్రిస్మసూ పక్కపక్కనే వచ్చాయి. మా జట్టులో ఉన్న రఫీ వాళ్ళ నాన్న టైలరు. మా బట్టలు కుట్టేదీ ఆయనే. పండగ పని మీద పడి ఆయనకి ఊపిరాడడం లేదు. "అందరికీ ఒకే సైజు కొనేస్తే పోదా ఆంటీ?" అన్నాడు రఫీ. "నీ చొక్కా మీ నాన్న కొలతలు తియ్యకుండా కుడతాడట్రా?" అన్నారావిడ. వాడే వెళ్ళి టేపు తెచ్చాడు. టేపు పట్టుకుని బస్సెక్కి వెళ్ళి ఒక్కొక్కరికీ కొలతలు తీశాం. దానియేలని ఒకటో క్లాసు బుడంకాయ ఒకడు, ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించి నిలబడ్డాడు. "పెద్దగా కుట్టించండక్కా, పైయేడు కూడా ఏసుకుంటా" అన్నాడు. నవ్వలేక చచ్చాం. గుడ్డంతా ఇచ్చింది ఆటోనగర్లో లారీలున్న ఒకాయన.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం హాస్టలు వరండా ముందు షామియానా వేశారు. లారీల ఓనరు గారు భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని జీపులో వచ్చారు, ఫోటోగ్రాఫరుతో సహా. చెడ్డమనిషేం కాదు, వస్తూనే పిల్లలందరికీ బిస్కెట్లు పంచారు. మొదట మణిని వరండా మీదికి పిలిచారు. ఏడో క్లాసు పిల్ల, పొడుగ్గా ఎదిగింది. దాని గౌను నా చేతిలో ఉంది. నేను అందించబోతుంటే ఆయన ఆపి, "అలా కాదమ్మా. పాతది విప్పించి కొత్తది ఇక్కడే తొడగండి. ఆఫీసులో పెట్టుకోవడానికి ఫోటో కావాలి" అన్నారు.

మణి రెండు చేతులూ మెడ కింద అడ్డం పెట్టేసుకుంది. ముందు వరసలో హాస్టలు మగపిల్లలు, వెనకాల ఊళ్ళోవాళ్ళు. "చెయ్యి తియ్యమ్మా, ఫోటోకి అడ్డం" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఒకడెవడో కిసుక్కున నవ్వాడు. పంతొమ్మిది వందల తొంభైల్లో పదహారేళ్ళ ఆడపిల్లని, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం నాకెవరు నేర్పారు? లైనులో పిల్లల్ని నిలబెడుతున్న ఎస్తేరమ్మ గారు అక్కణ్ణించే చూశారు. మెల్లగా నడుచుకుంటూ పైకొచ్చి, మణికి ముందు నిలబడ్డారు.

"మీ అమ్మాయిదీ ఈ వయసే కదా బాబూ? తననీ పిలవండి. ఇద్దరికీ ఇక్కడే మారుద్దాం."

ఓనరు గారి ముఖం కందగడ్డయింది. "ఏం మాటలమ్మా అవి? నా కూతురికీ వీళ్ళకీ..." అని ఆగిపోయారు.

"ఆ మాట పూర్తి చెయ్యండి" అన్నారావిడ.

ఆయన పూర్తి చెయ్యలేదు. "ఫోటో లేకపోతే బట్టలూ లేవు" అన్నారు. ఆవిడ సర్దిచెబుతారనుకున్నాం. బతిమాలతారనుకున్నాం. "అయితే తీసుకెళ్ళండి బాబూ" అనేశారు. డ్రైవరు వచ్చి, నా చేతిలో గౌనుతో సహా అన్నీ మూటగట్టి జీపులో పడేశాడు.

జీపు కదిలింది. అప్పుడు దానియేలు లైనులోంచి పరిగెత్తాడు. పరిగెత్తుతూనే గుండీలు ఊడదీసుకుంటూ, "నేను ఇప్పుతానండీ! ఇదిగో, నేను ఇప్పుతానండీ! నాకిచ్చెయ్యండి!" అని అరుస్తున్నాడు. చొక్కా తీసి చేత్తో ఊపుతూ గేటు దాటి రోడ్డు దాకా వెళ్ళాడు. జీపు ఆగలేదు. ఎస్తేరమ్మ గారు వెళ్ళి దుమ్ములోనే గొంతుక్కూర్చుని వాడికి చొక్కా తొడగబోయారు. వాడు ఆవిణ్ణి పిడికిళ్ళతో కొట్టాడు. "నీ వల్లే! నీ వల్లే!" అని ఏడ్చాడు. "అవున్రా నాన్నా, నా వల్లే" అన్నారావిడ. కొట్టినంతసేపూ కొట్టించుకున్నారు.

తిరుగు బస్సులో నాకు ఒళ్ళు మండిపోయింది. "వాడి చొక్కా కంటే మీ పౌరుషం ఎక్కువా ఆంటీ?" అని అడిగేశాను.

"మణిని చూశావా?"

"చూశాను. దానియేల్ని కూడా చూశాను."

"ఇద్దర్నీ చూశావు కదా, ఇక నీకు నిద్ర పట్టదు. నాకూ పట్టదు. పండగ కాగానే పొద్దున్నే రా."

ఆ క్రిస్మస్‌కి పిల్లలు పాత బట్టల్తోనే చర్చికెళ్ళారు. మర్నాటి నుంచి మేమంతా బీసెంట్ రోడ్డు మీద పడ్డాం. ఏ బట్టల షాపులో మిగిలిన ముక్కలు కనిపించినా వదల్లేదు. కొందరు ఇచ్చారు, కొందరు కసిరారు. ఒకాయన మమ్మల్ని చందాల బ్యాచీ అని కుర్రాళ్ళతో బయటికి తోలించాడు. ముక్కలన్నీ తీసుకెళ్ళి రఫీ వాళ్ళ నాన్న ముందు పోశాం. ఆయన గోడవార ఉన్న రంజాను బట్టల గుట్ట వైపు చూసి, "నన్ను చంపుతారర్రా మీరు" అన్నారు. తిడుతూనే కత్తెర అందుకున్నారు.

కొత్త సంవత్సరం రోజుకి బట్టలు సిద్ధమయ్యాయి. హాస్టల్లో సామాన్ల గది ఖాళీ చేయించి, గోడకి అద్దం తగిలించి, తలుపుకి లోపలివైపు గడియ పెట్టించారు ఎస్తేరమ్మ గారు. ఒక్కొక్కరే వెళ్ళాలి, గడియ వేసుకోవాలి, ఎంతసేపైనా ఉండొచ్చు. మణి లోపలికెళ్ళి ఎంతకీ రాలేదు. వచ్చాక నేరుగా ఆవిడ పక్కకెళ్ళి కూర్చుంది.

దానియేలుకి గడియ అందలేదు. నేనే బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. "చూడకక్కా" అని లోపల్నించి నాలుగుసార్లు కేకేశాడు. వచ్చాడు. గుండీలన్నీ ఒకటి అటూ ఒకటి ఇటూ. వరండా అంతా వెతుక్కున్నట్టు చూసి, ఆవిణ్ణే అడిగాడు.

"ఇప్పుడు ఎవరి ముందు నిలబడాలండీ?"

ప్రతి మాటకీ జవాబున్న మనిషి ఎస్తేరమ్మ గారు. అలాంటి మనిషి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయారు. ఆవిడ ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆవిడ చేసింది సబబేనా అని ఎవరైనా అడిగితే నేనిప్పటికీ తడబడతాను. మణి గుర్తొస్తే ఒకలా ఉంటుంది, జీపు వెనకాల పరిగెత్తినవాడు గుర్తొస్తే ఇంకోలా ఉంటుంది. "ఎవరి ముందూ వద్దురా, పోయి ఆడుకో" అని ఆ రోజు వాడితో నేనే అన్నాను. వాడు నమ్మలేదు. కొత్త చొక్కా వేసుకుని, గుమ్మంలోనే చేతులు కట్టుకుని, ఎవరో వస్తారన్నట్టు నిలబడ్డాడు. ఈ రోజుకీ ఏ పిల్లకి ఏమిచ్చినా నాకు ముందు భయమే వేస్తుంది. పుచ్చుకున్నాక చేతులు కట్టుకుంటుందా, ఆటకి పరిగెడుతుందా అని చూస్తూ ఉంటాను.