పైన పెట్టిందే కింద

మా అమ్మకు కుళ్లు ఎక్కువ. కూతురిని కాబట్టి ఈ మాట నేను అనొచ్చు, ఇంకెవరైనా అంటే ఊరుకోను. మనిషి మంచిది, పనిరాక్షసి, ఇరుగుపొరుగులో ఎవరికి జ్వరం వచ్చినా ముందు పరుగెత్తేది ఆమే. కానీ మేడ మీద కాపురముండే మా పిన్ని, అంటే బాబాయి భార్య, కొత్త చెప్పులు వేసుకుని మెట్లు దిగిందా, ఆ పూటంతా అమ్మ కుట్టుమిషను దడదడలాడేది.

అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. స్కూలు యూనిఫారాలు ఎక్కువ. సాయంత్రం కాగానే నాన్నమ్మ మిషను పక్కన కుర్చీ వేసుకుని గుండీలు కుట్టిపెట్టేది. ఎదురుగా టీవీలో అమ్మ సీరియల్. అత్తాకోడళ్లిద్దరూ కలిసి అందులోని ఆడపడుచును నోరారా తిట్టేవాళ్లు. ఆ కాసేపూ ఆ గది అమ్మ రాజ్యం. టీ కావాలని అడగడానికి నాన్నక్కూడా ధైర్యం చాలేది కాదు.

అంతలో కేబుల్ డిజిటల్ అయింది. ఇకనుంచి ప్రతి టీవీకీ ఒక పెట్టె ఉండాలని, లేకపోతే బొమ్మ రాదని కేబుల్ అతను ఇంటింటికీ తిరిగి చెప్పాడు. బాబాయి వెంటనే పెట్టించుకున్నాడు. అమ్మ మాత్రం ససేమిరా అంది.

"అంతా వాళ్ల నాటకం. ఇన్నాళ్లూ ఏ పెట్టె ఉందని వచ్చింది బొమ్మ? ఎలా ఆపుతారో నేనూ చూస్తా!"

చెప్పిన రోజున ఆపేశారు. తెరంతా చుక్కలు, గదంతా హోరు. నాన్నమ్మ కాసేపు ఆ చుక్కలనే చూసి, కళ్లజోడు తీసుకుని మేడ మీదికి వెళ్లింది. మర్నాడూ వెళ్లింది. ఆ తర్వాత చెప్పడం కూడా మానేసి వెళ్లసాగింది.

పైనుంచి నవ్వులు వినిపిస్తుంటే కింద అమ్మ పళ్లు నూరేది. "పెట్టె చూపించి లాక్కుపోయిందే మీ పిన్ని. అదే లేకపోతే ఆవిడగారి మొహం ఎవరు చూస్తారు?" అనేది. గుండీలు తనే కుట్టుకుంటూ, వేలికి సూది గుచ్చుకుంటే దానికీ పిన్నినే తిట్టేది.

నాన్న మాకూ ఒక పెట్టె కావాలని చెప్పాడు. అందరూ ఒక్కసారే మీద పడడంతో పెట్టెలు దొరకడం లేదన్నాడు కేబుల్ అతను. అందాకా పై పెట్టెనుంచి కిందికి ఒక వైరు లాగుతానన్నాడు.

"కాకపోతే అమ్మా, పైన ఏ చానల్ పెడితే మీకూ అదే వస్తుంది. మార్చుకోవడం కుదరదు."

"అంటే ఆవిడ ఎంగిలి చూడాలన్నమాట," అని అమ్మ మూతి తిప్పింది. తిప్పుతూనే ఒప్పుకుంది. వైరు ఉంటే పైన ఏం చూస్తున్నారో తెలుస్తుందని ఆమె ఆశ.

ఆ సాయంత్రం అమ్మ మిషను ఆపి మరీ టీవీ ముందు కూర్చుంది. సీరియల్ రాలేదు. తెర అడుగున చానల్ నంబరు ఒక్కొక్కటిగా పెరుగుతోంది. కాస్త ఆగి ఇంకొకటి, మళ్లీ ఆగి ఇంకొకటి. కావలసింది దాటిపోయి, తడుముకుంటూ వెనక్కి వచ్చి, ఒక పులి దగ్గర నిలబడింది.

"బాబాయి అయితే టకటకా నంబరు కొట్టేస్తాడు," అన్నాను.

ఆ నత్తనడక ఎవరి బొటనవేలిదో మా ఇద్దరికీ అర్థమైంది. మా గదిలో రిమోట్ ఎప్పుడూ మిషను మీద, అమ్మ చేతికింద ఉండేది. నాన్నమ్మ దాన్ని పట్టుకోగా నేనెన్నడూ చూడలేదు.

పులి జింకను తరుముతుంటే పైన చప్పట్లు.

"ఈవిడకి పులులంటే ఇష్టమా?" అంది అమ్మ, ఎవరో పరాయి మనిషి గురించి అడిగినట్టు. మళ్లీ తనే, "మీ పిన్నికెలా తెలిసిందే?" అంది. అంత అసూయ ఆమె గొంతులో నేనెప్పుడూ వినలేదు. పాపం అనిపించింది.

అప్పటినుంచి అమ్మ రోజూ పులుల్నీ మొసళ్లనీ పాముల్నీ చూస్తూ చొక్కాలు కుట్టింది. పాములంటే ఆమెకు చచ్చేంత భయం. అయినా టీవీ కట్టెయ్యనిచ్చేది కాదు.

చివరికి మా పెట్టె వచ్చింది. కేబుల్ అతను పాత వైరు పీకేసి, కొత్త రిమోట్ అమ్మ చేతికిచ్చి వెళ్లాడు. సాయంత్రం అమ్మ అది పట్టుకుని మేడెక్కింది. నేనూ వెనకే వెళ్లాను. నాన్నమ్మా పిన్నీ మంచం మీద ఒకే దిండుకు ఆనుకుని టీవీ చూస్తున్నారు.

"అత్తయ్యా, మనకూ పెట్టె వచ్చింది. ఇదిగో రిమోట్, మీ దగ్గరే ఉంచుకోండి. పులులు పెట్టుకుంటారో ఏనుగులు పెట్టుకుంటారో మీ ఇష్టం."

నాన్నమ్మ తెల్లబోయింది. "మరి నీ సీరియలో?"

"దాన్దేముందిలెండి."

"అలాగేలే అమ్మాయ్, వస్తాను. ఈ తోడేళ్ల సంగతి అయిపోనీ," అంటూ నాన్నమ్మ మళ్లీ టీవీ వైపు తిరిగింది.

పిన్ని పక్కకు జరిగి చోటిచ్చింది. "రా అక్కా, కూర్చో. భలే ఉంది."

అమ్మ విసవిసా దిగిపోతుందనుకున్నాను. కూర్చుంది. తోడేళ్ల వేట సాగినంతసేపూ ఒక్కసారి కూడా తెర వైపు చూడలేదు. నాన్నమ్మ చెయ్యి పిన్ని మోకాలి మీద ఉంది. అమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది.