చింకి గుడ్డలు తెచ్చినవాడు

మా తెలుగు సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక ఒక్కొక్కరూ లేచి బైబిల్లోంచి ఒకరి పేరు చెప్పాలి. ఆ ఏడాదంతా ఆ వ్యక్తి నడవడిని అనుసరిస్తామని అందరి ఎదుట ఒప్పుకోవాలి. మగవాళ్ళలో దానియేలులు ఎక్కువ, ఆడవాళ్ళలో రూతులు, ఎస్తేరులు. నేనూ చాలా ఏళ్ళు, ప్రాణాలకు తెగించి రాజు ముందుకు వెళ్ళిన ఆ ఎస్తేరునే.

మా అత్తగారు మాత్రం ఎప్పుడూ దెబోరా. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్త్రీల కూడిక మొదలుపెట్టింది ఆవిడే. "నువ్వొస్తేనే యుద్దానికెల్తానని సేనాపతి బారాకు చేత అనిపించుకుంది. అంతకన్నా ఏటి కావాలి?" అనేవారు. పెద్దలు నవ్వేవారు తప్ప ఎదురు చెప్పేవారు కాదు.

కిందటి వానాకాలంలో ఆవిడ స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. గాయం మానింది కానీ కాళ్ళు నిలవలేదు. మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా ఎవరో ఒకరు ఎత్తాలి. మా ఆయన లోకో షెడ్‌లో పనిచేస్తారు, చేతుల్లో బలానికి లోటు లేదు. కానీ చంకల కింద చేతులు వేసి లేపితే ఆవిడ పల్చటి చర్మం కమిలిపోయేది. క్రిస్మస్ నాడు మందిరానికి తీసుకెళ్దామని అలాగే ఎత్తి క్వార్టర్ మెట్లు దింపుతుంటే ఓర్చుకోలేక కేక పెట్టారు. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూశారు.

"ఎనక్కి తీసుకుపోరా. మూటలా మోసుకెల్తే నలుగురూ సూడ్డానికా? మరి మందిరం మాట నా కాడ ఎత్తకండి."

ఆ తర్వాత ప్రార్థన కోసం వచ్చినవాళ్ళను కూడా నిద్రపోతున్నానని చెప్పి పంపేయమన్నారు. ఒకప్పుడు కాలనీలో ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆవిడ గొంతే వినిపించేది. అలాంటి మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం నన్ను భయపెట్టింది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆవిడ మందిరంలో ఎప్పటిలా ముందు వరస బల్ల మీద కూర్చుని తీరాలని నిశ్చయించుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడకు బైబిలు చదివి వినిపించడం నా అలవాటు. వరసగా చదువుతూ యిర్మీయా గ్రంథానికి వచ్చాం. ఆ ప్రవక్తను బురద గోతిలోకి దింపి వదిలేసిన ఘట్టం. అతణ్ణి పైకి తీసిన ఎబెద్మెలెకు పేరు నాకు సండే స్కూల్ నాటినుంచీ తెలుసు. ఏ దేశస్థుడని క్విజ్‌లో అడిగితే కూషీయుడని టక్కున చెప్పేదాన్ని. రాజు ముందు ధైర్యంగా నోరు విప్పాడని ప్రసంగాల్లోనూ విన్నాను. ఆ రోజు మాత్రం నా కళ్ళు తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాయి. రాజు అనుమతి దొరికింది, మనుషులు దొరికారు, గోతిలో మనిషి ప్రాణాపాయంలో ఉన్నాడు. అయినా అతను ముందు పాత చింకి గుడ్డలు వెతికి తెచ్చాడు. వాటిని తాళ్ళతో కిందికి దింపి, చంకల్లో పెట్టుకోమని చెప్పాడు. తాడు ఒరుసుకోకూడదు, అంతే.

"ఏటే, ఆపేసేవు? నిద్దరొచ్చిందా?" అన్నారు అత్తగారు కళ్ళు మూసుకునే.

"లేదత్తయ్యా. మీ పాత నేతచీరలు ఏ పెట్టెలో ఉన్నాయి?"

మెత్తబడ్డ చీరల్ని మడతలు పెట్టి ముందు నా చంకల్లోనే పెట్టుకున్నాను. వీపు చుట్టూ వెడల్పాటి దుప్పటి తిప్పి కట్టుకుని నేల మీద కూర్చుని, ఆ దుప్పటి పట్టుకుని ఎత్తమని మా ఆయనకు చెప్పాను.

"నిన్నెత్తాలంటే షెడ్‌లోంచి క్రేను తేవాలే" అన్నారాయన.

మంచం మీంచి నవ్వు వినిపించింది. క్రిస్మస్ తర్వాత అదే మొదటి నవ్వు.

ముడి వెన్నుకు గుచ్చుకుంది. విప్పి ముందువైపుకు మార్చాను. మడత జారిపోయింది. దుప్పటికి కుట్టేశాను. నాకు ఎక్కడా ఒత్తుకోవడం లేదని తేలాకే ఆవిడ దగ్గరికి వెళ్ళాం. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాక తెరిచారు.

"అచ్ఛా, అయిపోయిందేటి? ఇంకోపాలి ఎత్తు, సూద్దాం."

అంత అన్నా ఆదివారం పొద్దున తెల్లచీర తీసి మంచం మీద పెడితే మాత్రం ముఖం ముడిచారు.

"వస్తానని ఎవులన్నారు?"

"నేనన్నాను. మీరు దెబోరా, నేను బారాకుని. మీరు రాకపోతే నేనూ వెళ్ళను."

"ఓసి గడుసుదానా! నా మాట నాకే అప్పసెప్తావేటి? రా, జడ సరిగ్గా ఎయ్యి. నలుగుర్లో కూకోవాలి."

మెట్లు దింపేటప్పుడు ఇరుగుపొరుగు మళ్ళీ చూశారు. ఈసారి ఆవిడే వాళ్ళను పలకరించారు.

మందిరంలో నా వంతు వచ్చినప్పుడు ఎబెద్మెలెకు అని చెప్పాను.

"ఎస్తేరుని ఒగ్గేసేవేటమ్మా?" అన్నారు సంఘపెద్ద.

"ఇన్నేళ్ళూ ధైర్యమే అడిగానండీ. మనం ఎత్తుతున్న మనిషికి నొప్పి కలగకుండా ఎత్తడం ఈ ఏడు నేర్చుకోవాలి."

పక్కనే అత్తగారు. ఆవిడ చెప్పే పేరు అందరికీ తెలిసిందే కదా, సంఘపెద్ద నవ్వుతూ తర్వాతి వాళ్ళ వైపు తిరగబోయారు.

"ఆగండి బాబూ. ఈ ఏడు దెబోరా కాదు. యిర్మీయా."

మందిరంలో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ కూర్చునే గొంతు పెంచారు.

"గుడ్డలు సంకలో పెట్టుకోమంటే మారు మాటాడకండా పెట్టుకున్నాడాయన. ప్రవక్తని, నన్నొకడు ఎత్తడమేటి అన్లేదు. ఒకరి సేత ఎత్తించుకోడం నాకు శానా కష్టం. అందుకే అదే నేర్సుకుంటాను."

ఇంటికొచ్చి మంచం మీద వాలగానే ఆవిడ అన్న మొదటి మాట:

"ఆ గుడ్డలు ఇయ్యాలే ఉతికి ఆరెయ్యే. బుధవారం స్త్రీల కూడికుంది."

క్వార్టర్ వెనక తీగ మీద దుప్పటి ఆరేసి, గాలికి పోకుండా రెండు చివర్లా క్లిప్పులు పెట్టాను.