పలక మీద కూర్చున్న మనిషి

సహోదరీ సహోదరులారా, మావారు భోగాపురం దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. సైకిలు మీంచి పడి తుంటి విరిగి, ఉద్యోగం పోయి, కర్ర పట్టుకుని నడవగలిగినా రెండేళ్లు ఇంట్లో మంచానికి అతుక్కుపోయారు. రెండువందలమంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టిన మనిషి, మంచినీళ్లు కావాలన్నా నోరు తెరవకుండా చెంబు వైపు చూసేవారు! ఎవరైనా పలకరించడానికి వస్తే ఆయన బదులు నేనే మాట్లాడేదాన్ని, ఎలా ఉన్నారో నేనే చెప్పేదాన్ని, ఏం తిన్నారో నేనే చెప్పేదాన్ని, బి.ఏ. చదివినదానికి మాటలకు కరువా! క్రమంగా వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఒకనాడు ఆయన కంచం పక్కకు తోసి, "నేనుంటే ఏటి, పోతే ఏటి?" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు మెతుకు ముట్టలేదు.

మా ఊళ్లో విశ్వాసి చనిపోతే సమాధి పెట్టె చర్చి వెనక రేకుల షెడ్డులో మగవాళ్లే చేస్తారు. ఆ పని లేనప్పుడు కూడా అక్కడే చేరి విరిగిన బెంచీలు, పడవ తెడ్లు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ఆ షెడ్డు ఆడవాళ్ల కుట్టుపనికి ఇవ్వాలని కమిటీలో వాదించింది నేనే. "మగాళ్లకు టీకొట్టు ఉంది, కల్లుపాక ఉంది, కబుర్లకు ఇంకో కొంప కావాలా?" అన్నాను. గెలిచాను కూడా! నెలాఖరుకు ఖాళీ చెయ్యాలని తీర్మానమైంది.

ఇంటికొచ్చి దేవునితోనూ వాదనే పెట్టుకున్నాను. "ప్రభువా, ఈయన ఒంటరిగా ఉండకూడదనే కదా నన్నిచ్చావు? నేనుండగా ఈయన ఒంటరివాడెలా అయ్యాడు? జవాబు చెప్పు" అని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి యాకోబు వచ్చాడు. ఫిలిప్పు తాత ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడట. రంపంతో కోసేటప్పుడు చెక్క పలక కదలకుండా దాని మీద కూర్చునేది ఎప్పుడూ ఆ తాతే, ఇప్పుడు తాత పెట్టెకే మనిషి లేడు.

"మాస్టారూ, కదలకండా కూకునేవోడు కావాల, వస్తారేటి?"

"ఆయనకు ఒంట్లో బాగులేదు" అన్నాను.

"అమ్మా, నేనడగతన్నాది మాస్టార్ని."

సహోదరులారా, నన్ను అంత మాట అన్నవాడు అంతవరకు లేడు! నేను మళ్లీ నోరు తెరిచేలోగా మావారు చేతికర్ర అందుకుని అతని వెంట నడిచారు.

మధ్యాహ్నం అన్నం పట్టుకుని వెళ్లి షెడ్డు వాకిట్లో ఆగాను. లోపల రంపం చప్పుడు మధ్య ఆయన గొంతు వినబడింది.

"బడి ముందు నించి కుంటుకుంటా రాలేనురా యాకోబూ, పిల్లలు సూస్తారు."

"అయితే రేపు సెరువు గట్టు మీంచి రండి. దూరమైతే అవతాది. కొంచెం ఇటు జరగండి మాస్టారూ, కోత గీత మీద కూకున్నారు."

అంతే, అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు! పిల్లలు చూస్తారన్న ఆ బాధ రెండేళ్లలో నాతో చెప్పలేదు. చెబితే నేను పది మాటల ఓదార్పు చెప్పి ఉండేదాన్ని, అందుకే చెప్పలేదు. కారేజీ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను. సాయంత్రం ఖాళీ గిన్నెలు తిరిగొచ్చాయి. దేవునికే మహిమ!

మర్నాడు ఆయన చెరువు గట్టు మీంచే వెళ్లారు. నేను కమిటీ ముందు నిలబడి, నా తీర్మానం తప్పని ఒప్పుకుని, రద్దు చేయించాను. కొందరు ముసిముసిగా నవ్వారు, నవ్వనీండి. కుట్టుపని మా వసారాలో సాగుతోంది. ఆయన కాలు అలాగే ఉంది, స్వస్థత కలిగిందని అబద్ధం రాయను. కానీ భోజనానికి ముందు ఇప్పుడు ఆయనే ప్రార్థన చేస్తారు, షెడ్డులో వాళ్లందరి పేర్లూ చెప్పి, నా పేరు చివర్న చెబుతారు. నేను ఆమెన్ అంటాను, అంతకు మించి ఒక్క మాట కలపను.

చదువుతున్న అక్కచెల్లెళ్లారా, మీ ఇంట్లో నోరు మూసుకుపోయిన మగవాడుంటే మా షెడ్డుకు పంపండి. చర్చికి రానివాళ్లయినా సరే, భావనపాడు నుంచి వచ్చి మా ఊళ్లో స్థిరపడ్డ ఒక జాలరి మావయ్య మా ప్రభువును ఎరగడు, అయినా రోజూ వచ్చి కూర్చుంటాడు. మీరు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, లోపల ఉన్న ప్రభువును నమ్మి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లండి. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.