మూడు సాఫ్ట్‌వేర్లు, ఒక మిద్దె

ఆత్మకూరులో మా అన్నకు మోటార్లు, స్టార్టర్లు, వైర్లు అమ్మే కొట్టు ఉంది. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. పెళ్ళయి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఆ కొట్లోనే కూర్చోవడం మొదలుపెట్టాను. ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే పని మేం చేపట్టేటప్పటికే అన్నకు మోకాళ్ళ నొప్పులు. అందువల్ల మేడలెక్కి కొలతలు తీసే పని నాకు వచ్చింది. ఒక టేపు, ఒక నోటుబుక్కు, ఫోన్లో దిక్సూచి, అంతే నా సరంజామా. ట్యాంకు ఎక్కడుంది, పిట్టగోడ ఎంత ఎత్తు, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం ఎక్కడిదాకా వస్తుంది, అన్నీ పెన్నుతో గీసుకునేదాన్ని. నా గీతలు నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. అయినా రెండేళ్ళు వాటితోనే నెట్టుకొచ్చాం.

చేజర్లలో ఒక రైతు ఇల్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. నేను కొలతలు తీసి వచ్చిన మరునాడే నెల్లూరు నుంచి ఇంకో కంపెనీవాళ్ళు పోయారట. ట్యాబ్‌లో ఆయన ఇల్లే రంగుల్లో చూపించి, దాని మీద ప్యానెళ్ళు పరిచి, వేలితో గుండ్రంగా తిప్పి చూపించారట. ఆయన ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"నీ పుస్తకంలో గీతలు నాకేం తెలుస్తాయమ్మా? వాళ్ళు నా ఇంటినే చూపించినారు."

ఆరోజు అన్న కొట్లో ఫ్యాన్ కింద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకున్నాడు. తర్వాత అన్నాడు: "మనం గూడా ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుందాం మే. నువ్వు చదువుకున్నదానివి గదా. ఏది మంచిదో నువ్వే తేల్చు."

పంపుసెట్టు ఎంచుకున్నంత తేలిక అనుకున్నాడు పాపం. నేనూ అంతే అనుకున్నాను.

మూడు సాఫ్ట్‌వేర్లు రెండు వారాల పాటు ఉచితంగా వాడుకోవడానికి దొరికాయి. మొదటిది ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద ఇంటి అంచులు గీస్తే ప్యానెళ్ళు తనే పరిచేది. రెండోది లెక్కల పిచ్చిది, నీడ ఏ నెలలో ఏ గంటకు ఎక్కడ పడుతుందో అడక్కుండానే చెప్పేది. మూడోది ఫోన్లో పనిచేసేది, మేడ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటూ, అడిగిన ప్రశ్నలకు జవాబులు నింపుకుంటూ పోవాలి. మొదటిదాన్ని అమ్మే అతను వీడియో కాల్‌లో సగం హిందీ, సగం ఇంగ్లీషు మాట్లాడాడు. అన్న పక్కన కూర్చుని ప్రతిదానికీ తల ఊపాడు. కాల్ అయిపోయాక నన్ను అడిగాడు, "ఏం చెప్పినాడు?" అని.

"నువ్వే గదన్నా తలూపినావు!"

"మర్యాదకి ఊపినాను."

ఇంట్లో పని ముగించుకుని పొద్దున్నే కొట్టుకు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఎంత చూసినా తల తిరిగేది. ఒకదాంట్లో దక్షిణం అంటే సున్నా. ఇంకోదాంట్లో దక్షిణం అంటే నూట ఎనభై. ఆ సంగతి తెలియక నేను రెండింట్లోనూ సున్నా కొట్టాను. రెండోది కరెంటు తక్కువ చూపిస్తుంటే ఆ సాఫ్ట్‌వేరే మంచిది కాదనుకున్నాను. బొమ్మ చూసి అన్నే కనిపెట్టాడు.

"ఇదేంది మే, ప్యానెళ్ళు ఉత్తరానికి చూస్తాండాయి?"

దుత్తలూరు పక్కన ఒక ఇంటి కోసం చూస్తే అసలు అక్కడ ఇల్లే లేదు. ఉత్త ఎర్రనేల. ఇల్లు కట్టి ఏడాది అయింది, ఫొటో అంతకు ముందుది. ఖాళీ చేను మీద నేను ఇల్లు గీస్తూ కూర్చున్నాను. గీసినదాని మీద సాఫ్ట్‌వేర్ ప్యానెళ్ళు చక్కగా పరిచేసింది. దానికి ఏ అనుమానమూ రాలేదు. నాకే ఏది నమ్మాలో తెలియకుండా పోయింది.

అలా తేలక, మూడింటినీ ఒకే ఇంటి మీద పరీక్షించి చూద్దామనుకున్నాం. సరిగ్గా అప్పుడే ఉదయగిరి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. బజార్లో చింతపండు, ఎండుమిర్చి హోల్‌సేల్ వ్యాపారం ఆమెది. భర్త పోయాక పదేళ్ళుగా ఒక్కతే నడుపుతోంది. కొట్టు వెనకే ఇల్లు. ఏసీ పెట్టించుకుంది, కరెంటు బిల్లు చూసి సోలార్ అడుగుతోంది.

వెళ్ళకముందే ఫొటోలో ఇల్లు వెతికాను. తెల్లగా మెరుస్తున్న పెద్ద మేడ, అడ్డం ఏమీ లేదు. మొదటి సాఫ్ట్‌వేర్ పది ప్యానెళ్ళు పడతాయంది. రెండోది పడమటి పక్కన కొండ ఉందని, సాయంత్రం తొందరగా నీడ వస్తుందని కరెంటు కొంచెం తగ్గించి చెప్పింది. మూడోది నేను వెళ్ళి ఫొటోలు తీస్తేగాని నోరు విప్పనంది. మొదటిదాని బొమ్మ అన్న కొనిచ్చిన ట్యాబ్‌లో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను.

పెద్దావిడ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది. బొమ్మ చూపించగానే కళ్ళద్దాలు సర్దుకుని ట్యాబ్ చేతిలోకి తీసుకుంది. వేలితో తిప్పింది. ఇంకోసారి తిప్పింది. మూటలు కొనడానికి వచ్చిన మనిషిని ఆపి మరీ చూపించింది.

"మా ఇల్లు ఇంత బాగుంటాదని నాకే తెలవదు. ఇట్టనే పెట్టు అమ్మాయ్. పదీ పెట్టు."

సరే పెద్దమ్మా అన్నాను. ఆ మాట అప్పుడే అనకుండా ఉండాల్సింది.

మేడ మీద టేపు పట్టుకుని నడుస్తుంటే సగం దాటాక కాలి కింద చప్పుడు మారింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న నేల మొద్దుగా, మెత్తగా వినిపించింది. వంగి చూశాను. ఎండ తగలకుండా మేడంతా తెల్లరంగు వేయించారు, తేడా ఏమీ కనిపించలేదు. కిందికి దిగి, లోపల చూస్తానంటే ఆవిడ వింతగా చూసింది.

"కరెంటు పైన పెడతావా, లోపల పెడతావా?"

లోపల ముందు గది మామూలు సిమెంటు స్లాబే. వెనక గదిలో తలెత్తి చూస్తే వేప దూలాలు, వాటి మీద కడప బండలు. మట్టీ సున్నమూ వేసి దిమ్మిస కొట్టిన పాత మిద్దె అది. స్లాబు తర్వాత ఎప్పుడో కలిపి కట్టారు. పైన ఒకే రంగు వేసేసరికి ఆకాశం నుంచి రెండూ ఒకటే అయిపోయాయి. మొదటి రెండు సాఫ్ట్‌వేర్లూ ఆ మిద్దె మీద కూడా ప్యానెళ్ళు పరిచేశాయి.

అక్కడే అరుగు మీద కూర్చుని ఫోన్లో మూడోదాన్ని తెరిచాను. పైకప్పు దేనితో కట్టింది అని అడుగుతోంది. కాంక్రీటు, రేకు, పెంకు, ఇతరములు. మిద్దె లేదు. ఇతరములు నొక్కాను. పచ్చగా టిక్కు పడింది, ముందుకు పొమ్మంది. మొదటిదాన్ని అమ్మే అతనికి ఫోన్ చేస్తే, దగ్గరగా ఉన్నదేదో ఒకటి ఎంచుకోండి మేడం అన్నాడు. రెండోదానివాళ్ళు, కట్టడాల ఇంజనీరును అడగండి అని మెసేజి పెట్టారు. ఆ బజార్లో అట్లాంటి ఇంజనీరును నేనెక్కడ వెతకను? అన్నకు చేశాను.

"సాఫ్ట్‌వేర్ ఒప్పుకునింది గదా మే?"

"దానికి మిద్దె అంటే ఏందో తెలవదన్నా."

"తెలవకపోతే కాదని చెప్తాది గదా!"

ఫోన్ పెట్టేశాను.

పెద్దావిడ తనకు తెలిసిన పాత మేస్త్రీని పిలిపించింది. ఆయన దూలాలను తాపీ పిడితో తట్టాడు. ఒక్కో దూలం దగ్గర చెవి పెట్టి విన్నాడు. తట్టి తట్టి చివరకు అన్నాడు: "ఇంత బరువుకు పడతాదని చెప్పలేనమ్మా. పడదని గూడా చెప్పలేను."

"ఇదే మిద్దె మీద పందిరేసి నా పెళ్ళి చేసినారు," అంది పెద్దావిడ. "ముప్పై మంది ఎక్కి కూర్చున్నారు. ఏమైంది?"

మనుషులు ఎక్కి దిగిపోతారు, ప్యానెళ్ళు పాతికేళ్ళు అక్కడే ఉంటాయి, కొండ మీది నుంచి గాలి కొడితే పైకి లాగుతాయి, బిగించడానికి బండలకు తూట్లు పెట్టాలి, వాన నీళ్ళు మట్టిలోకి దిగుతాయి, ఇవన్నీ చెప్పాలనుకున్నాను. సగం చెప్పేసరికి నా గొంతులోనే అనుమానం వినిపించింది. నిజంగా నాకు తెలిసి చెబుతున్నానా, భయంతో చెబుతున్నానా? దూలాలు గట్టిగానే కనిపిస్తున్నాయి. నాకంటే ముందు పుట్టిన ఇల్లు అది.

చివరకు, స్లాబు మీద పట్టే ఆరు మాత్రమే పెడతానన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "బొమ్మలో పది చూపించినావు. ఇప్పుడు ఆరంటావు. ఏది నిజం?"

"ఆరే నిజం పెద్దమ్మా."

"అట్టయితే ఆ బొమ్మెందుకు చూపించినావు?"

బస్సులో ఆత్మకూరు దాకా అదే ఆలోచించుకుంటూ వచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఆవిడ నెల్లూరు కంపెనీవాళ్ళకు పని ఇచ్చిందని తెలిసింది. స్లాబు మీదా, మిద్దె మీదా కలిపి పదీ పెట్టారు.

అన్నకు నా మీద కోపం వచ్చింది, రెండు రోజులు నాకు టీ చెప్పలేదు. మూడోరోజు, "ఎవురికో ఒకరికి మిద్దె పడిపోతాదని భయం ఉండాల గదా, అది మనకే ఉండాది," అని తనే టీ తెప్పించాడు. నన్ను మెచ్చుకున్నాడా, దెప్పాడా? అడగలేదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఉచితం గడువు అయిపోవచ్చింది. అన్న మొదటిదే కావాలన్నాడు, గిరాకీ బొమ్మను చూసే వస్తుంది కాబట్టి. నేను రెండోదన్నాను. అది కొండను చూసింది. మరి ఆ కొండ నీడ వల్ల తగ్గే కరెంటు ఎంత అని అన్న అడిగితే, సాయంత్రం ఎండలో అసలే పస తక్కువ గనుక పెద్దగా ఏమీ తగ్గదని ఒప్పుకోవాల్సి వచ్చింది. మూడోదాంట్లో ప్రశ్నలున్నాయి, కానీ నాకు కావలసిన ప్రశ్న లేదు. రెండు రోజులు వాదించుకుని మొదటిదే తీసుకున్నాం. ఒక షరతు మాత్రం పెట్టాను. నేను ఇంటి లోపలికి వెళ్ళి పైకప్పు చూసి వచ్చేదాకా ఎవరికీ బొమ్మ చూపించకూడదు. అన్న సరే అన్నాడు. కొన్నిసార్లు మరిచిపోయి చూపించేస్తాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఉదయగిరి మిద్దె పడలేదు. ప్యానెళ్ళు పదీ ఎండలో మెరుస్తూ బజారు మలుపు నుంచి కనిపిస్తాయి. సీతారామపురం పనికి పోతూ ఒకసారి ఆవిడ కొట్టు ముందే బస్సు దిగాల్సి వచ్చింది. తప్పించుకుని పోదామనుకున్నాను. ఆవిడే పిలిచింది.

"చూసినావా? నిక్షేపంగా ఉండాయి."

"సంతోషం పెద్దమ్మా," అన్నాను. నిజంగానే సంతోషమేసింది. సిగ్గుగానూ ఉంది. నీళ్ళు తాగి పొమ్మని లోపలికి తీసుకెళ్ళింది. వెనక గదిలో ఒక దూలం పక్కన సన్నని చీలిక కనిపించింది. ముందు నుంచీ ఉందేమో. నేను అప్పట్లో తీసిన ఫొటోలు ఫోన్లో వెతికాను. సరిగ్గా ఆ మూల తీసిన ఫొటో కదిలిపోయి ఉంది. చెప్పాలా వద్దా అని గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చెప్పకుండా పోతే మనసు ఊరుకోదు.

"పెద్దమ్మా, ఆ దూలం కింద ఆనుగా ఒక రాతికూసం నిలబెట్టిస్తే మంచిది. ఊరికే, ధైర్యానికి."

ఆవిడ ఆ మూలకు చూసింది, నన్ను చూసింది. గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెట్టిస్తుందో లేదో తెలియదు. ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

పోయిన నెల ఫోన్ చేసింది. ఆత్మకూరులో చింతపండు గోడౌను ఒకటి కొనిందట, దాని మీద సోలార్ పెట్టాలట. నెల్లూరువాళ్ళు ఉన్నారు గదా పెద్దమ్మా, అన్నాను. నోరు జారింది.

"ఉండారు. నేను నిన్ను రమ్మంటాండా. పొద్దున్నే రా, పైకి ఎక్కేముందు లోపల చూసుకో. బొమ్మ తర్వాత చూస్తాను."

ఫోన్ పెట్టేశాక అన్న అడిగాడు, "ఎందుకంట మనల్ని పిలిచింది?"

"తెలీదన్నా."

నిజంగానే తెలియదు. మరునాడు పొద్దున పోయాను. గోడౌను రేకుల షెడ్డు. లోపలంతా పులుపు వాసన, మూటల మధ్య సందులేదు. ఆవిడ రెండు మూటలు పక్కకు జరిపించి, నేను నిలబడి పైకి చూసేందుకు చోటు చేయించింది. రేకులు కొత్తవే, కింది ఇనుప కమ్ములు మాత్రం ఒకచోట తుప్పు పట్టి ఉన్నాయి. ఆ తుప్పు పైపైదా, లోపలికి పోయిందా అని గోటితో గీకి చూశాను. సగం పొడిగా రాలింది, సగం రాలలేదు.

"ఇనుము ఏమంటాండాది?" అంది పెద్దావిడ.

"ఇంకొంచెం చూడాల పెద్దమ్మా," అన్నాను.

"చూడు," అని ఆవిడ ఒక మూట మీద కూర్చుంది.