ఆ రోజు కట్ట మీద డప్పు మోగలేదు

ఆదివారం. పొద్దటి నుంచి ముసురు. మిద్దె మీద నీళ్లు పోయే గొట్టానికి ఆకులు అడ్డం పడితే తీసేశాను.

రోజూ రాసుకునే లెక్కల్లో ఇంతకు మించి రాయను. ఈ రోజు ఎందుకో చెయ్యి ఆగలేదు... అందుకే మీరంతా చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... అంటే అరవైల్లో... మాది బోధన్ వైపు చెరుకు తోటల మధ్య చిన్న ఊరు. మాకు పైన ఇంకో ఊరు, దానికి పెద్ద చెరువు. అది నిండితే నీళ్లు వచ్చేది మా మీదికే.

అప్పట్లో ఫోన్లు ఎక్కడివి... చెరువుకు ఆపద వస్తే పై ఊరివాళ్లు కట్ట మీద డప్పు కొట్టించేవారు. ఆగి ఆగి కొడితే జాగ్రత్తపడమని. ఆగకుండా కొడితే ఉన్నవి ఉన్నట్టు వదిలేసి గుట్ట ఎక్కమని. తాతల నాటి నుంచి రెండు ఊళ్లకూ అదే కట్టుబాటు.

ఆ డప్పు కొట్టించాల్సింది ఆ చెరువు నీరడి. తూము తెరవడం, మూయడం, కట్ట కాయడం ఆయన పని. ఆయన ఎవరో కాదు... మా అవ్వకు, అంటే అమ్మకు, సొంత తమ్ముడు. మా మామ.

మామ కూతురు సుగుణ మా ఇంట్లోనే పెరిగేది. అవ్వకు ఆడపిల్లలు లేరు. పొద్దున్నే సుగుణకు తల దువ్వనిదే అవ్వకు పొయ్యి దగ్గరికి పోబుద్ధి అయ్యేది కాదు.

ఒక ఏడు వాన పట్టుకుంది... వదల్లేదు. నాన్నను బాపు అనేవాళ్లం. ఎందుకైనా మంచిదని ఆయన బండి కట్టి వడ్ల బస్తాలు, గిన్నెలు, దుప్పట్లు ఎక్కించాడు. ఇక గుట్టకు తోలడమే తరువాయి. ఇరుగుపొరుగు కూడా మూటలు కట్టుకుని మా బండి కదిలితే కదలాలని చూస్తున్నారు.

అప్పుడు వచ్చాడు మామ. నెత్తి మీద గోనెసంచి కప్పుకుని, మోకాళ్ల దాకా బురదతో.

"చెరువు బాగనే ఉందక్కా. భయం లేదు. ఎవ్వలు కదిలే పని లేదు."

బాపు ఎద్దు మెడ మీది నుంచి చెయ్యి తియ్యలేదు. "డప్పు సప్పుడు లేదు, మనిషొచ్చిండు. గిదేం కత?" అన్నాడు.

అవ్వకు కోపం వచ్చింది. "నా తమ్ముడు నోటితోని చెప్పంగ ఇంక డప్పెందుకు? ఎడ్లను ఇప్పు."

బాపు విప్పాడు. ఎడ్లను కొట్టంలో కట్టేశాడు. అది చూసి వాడకట్టంతా మూటలు విప్పుకుంది. మా ఇంటి చుట్టం చెప్పిన మాట కదా... మాకు నిజమైతే వాళ్లకూ నిజమే.

అవ్వ జొన్నరొట్టె, మామిడి తొక్కు పెట్టింది. మామ సగం తిని లేచాడు. ఇంట్లో అత్తకు పానం బాగాలేదని, సుగుణను తీసుకుపోతానని అన్నాడు. సుగుణ గుంజ పట్టుకుని పోనంటే పోనని ఏడ్చింది. అవ్వే నచ్చజెప్పి, కొంగుతో మొహం తుడిచి పంపింది. వానలో మామ భుజాల మీద కూర్చుని పోయే అదృష్టం దానికే పట్టిందని నాకు కుళ్లు...

పొద్దు గూకకముందే నీళ్లు వచ్చాయి. చెరుకు తోటలు విరుగుతున్న చప్పుడు ముందు, నీళ్లు వెనక... అవ్వ నన్ను చంకనేసుకుని గుట్టకు పరుగెత్తింది. బాపు కొట్టంలోకి పోయాడు. ఒక ఎద్దు పలుపు కోసేలోపే నీళ్లు ఛాతీ దాకా వచ్చాయట. ఊళ్లో మనుషులు దక్కారు. మా ఎడ్లు రెండూ పోయాయి.

చెరువు తానుగా తెగలేదు. తమ ఊరు మునుగుతుందని పై ఊరివాళ్లే మా వైపు కట్టకు గండి కొట్టారు.

నీళ్లు తీశాక మామ బియ్యం మూటతో వచ్చాడు. అవ్వ ఆ మూట ముట్టలేదు.

"బిడ్డను తోల్కపోయేనాడు నీకెర్కేనా?"

మామ నేల చూస్తూ చెప్పాడు. "మా ఊరి పటేలు చెప్పొద్దన్నడక్కా. డప్పు కొడితె మీ ఊరోల్లు కట్టెలు పట్టుకొని కట్ట మీదికొస్తరన్నడు. నేను చెప్తెనే నమ్ముతరని నన్నే తోలిండు."

అవ్వ ఒక్కటే అంది.

"నీ బిడ్డ యాదికొచ్చింది. నీ అక్క యాదికి రాలేదారా?"

ఎడ్లు లేని సేద్యం ఎక్కడిది... బాపు బోధన్‌లో చెరుకు నరకడానికి కూలికి పోయాడు. ఆయన వెంట నేనూ. నా బడి అక్కడితో సరి. తర్వాత బజారులో దుకాణాల పేర్ల పలకలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను.

ప్రతి బతుకమ్మకూ మామ అక్కను తీసుకుపోవడానికి వచ్చేవాడు. అవ్వ అన్నం పెట్టేది... వెంట మాత్రం పోలేదు. సుగుణను మళ్లీ మా ఇంటికి పంపమని కూడా అడగలేదు. దువ్వెన మాత్రం చాలా ఏళ్లు గూట్లోనే ఉంది.

ఇప్పుడు బాపు లేడు, అవ్వ లేదు, మామ లేడు. నేను తిరిగి ఈ ఊరికే వచ్చి ఇల్లు కట్టుకున్నాను. సుగుణ పై ఊళ్లోనే, చెరువు పక్కనే ఉంటుంది. వాన పడితే చాలు, అరచేతిలో ఫోను మోగుతూనే ఉంటుంది... తెగిందని ఒకరు, తెగలేదని ఒకరు. డప్పు ఒక్కటే ఉన్నప్పుడు దాని మీద గురి ఉండేది. అదీ పోగొట్టారు.

మీ ఊళ్లలో ఆపద కబురు ఎట్లా తెలిసేది... ఎవరు తెచ్చేవారు? రాయండి, చదువుతాను.

ఇందాక సుగుణ ఫోన్ చేసింది. పాపం, ఏ వానకైనా ముందు నాకే చేస్తుంది. "చెరువు బాగనే ఉంది బావా. భయం లేదు" అంది. మంచిదమ్మా అని ఫోను పెట్టేశాను. బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించాను. గిన్నెలు అటక మీద పెట్టాను. ఇక బర్రెను విప్పి గుట్ట వైపు తోలడమే తరువాయి.