నలభై దగ్గర ఆగిన ముల్లు

తొంభైలలో ఒకసారి తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి, అమ్మను కంటి ఆపరేషన్‌కు బావగారి పాత కారులో నాచారం తీసుకెళ్తున్నాను. ఉప్పల్ దాటగానే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

“ఏందన్నా, గంత స్పీడు? చలానా రాయాలె.”

“నలభై దాటలేదండీ, మీటరు చూడండి,” అంటూ ఇంజను ఆపాను. అతను తొంగిచూశాడు. కారు నిలబడి ఉన్నా ముల్లు నలభై మీదే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

తాళం ఎన్నిసార్లు తిప్పినా కారు మళ్లీ స్టార్టు కాలేదు. “డాక్టరు వెళ్లిపోతాడేమోరా,” అంది అమ్మ కంగారుగా.

అతను చలానా పుస్తకం జేబులో పెట్టేసి, బస్సు కోసం నిలబడ్డవాళ్లను పిలిచాడు. “అన్నా, జర రాండ్రి! పెద్దమ్మ దవాఖానకు పోవాలె.”

పోలీసు నోట ‘అన్నా’ అన్న పిలుపు మా ఊళ్లో ఎప్పుడూ వినలేదు. అందరితోపాటు అతనూ నెట్టాడు. ఇంజను అందుకుంది.

చలానా సంగతి అడుగుదామని వేగం తగ్గించాను.

“ఆపకన్నా, జల్ది పో! మళ్ల బందయితది!” అని వెనక నుంచి అరిచాడు.