భయపడుతూనే నమ్మిన టీచరమ్మ

పోయిన ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందక్కా" అంది మా సండేస్కూల్ టీచరమ్మ కూతురు. బాపట్లలో మా ఇంటి గుమ్మంలో ఒక కాలికి చెప్పు వేసుకుని అలాగే నిలబడిపోయాను. ముందు దుఃఖం రాలేదు. భయం వేసింది.

నా చిన్నప్పుడు రేపల్లెలో, వారమంతా ఆవిడ మా వీధి చివర ఇంట్లో జాకెట్లు కుట్టేవారు. ఆదివారం చర్చి వరండాలో చాప పరిచి మాకు పాఠం చెప్పేవారు. చెబుతూ చెబుతూ మధ్యలో పైటకొంగు తడిమి చూసుకునేవారు. సూది ఉండిపోయి ఏ పిల్లకైనా గుచ్చుకుంటుందేమోనని ఆవిడ దిగులు.

నా తొమ్మిదో ఏట మా ఊళ్ళో మూడు రోజులు సువార్త కూడికలు జరిగాయి. పై ఊరి నుంచి వచ్చిన బోధకుడు రాకడ గురించి చెప్పాడు. ప్రభువు తిరిగొచ్చి నమ్మినవాళ్ళను ఒక్క క్షణంలో తీసుకుపోతాడట. "పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది, వండే మీ అమ్మ ఉండదు! అప్పుడు ఏడ్చి ఏం లాభం?" అని మైకులో అరిచాడు.

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి ఇంటికొచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది. స్టవ్ మీద అన్నం పొంగి గిన్నె చుట్టూ కారుతోంది. అమ్మ లేదు. పిలిచాను. పెరట్లో చూశాను. పక్కింటి తలుపూ తీసే ఉంది, లోపల మనిషి అలికిడి లేదు. ముందురోజు పెన్సిలు గురించి ఆడిన అబద్ధం గుర్తొచ్చింది. అందుకే నన్ను వదిలేసి అందరూ వెళ్ళిపోయారు.

టీచరమ్మ ఉంటే రాకడ రానట్టే. ఆ ఒక్క ఆశతో పరిగెత్తాను. వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేసరికి మిషను చప్పుడు లేదు. గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే ఆవిడ దొడ్లోంచి తడిచేతులతో వచ్చారు.

"ఏంటమ్మాయ్, ఏమైంది?"

"టీచరమ్మా, మీరు కూడా మిగిలిపోయారా?"

తర్వాత ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, స్టవ్ ఆర్పి, అమ్మ వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నారు. పక్కింటామెకు నొప్పులొస్తే అమ్మ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళిందట.

"ఏం నమ్మితే ప్రభువు నన్ను వదిలెయ్యడండీ?" అని అడిగాను.

"దేవుడు ఒక్కడే. ఆయన కొడుకు మనిషై మన మధ్యకొచ్చాడు. మన పాపాల కోసం సిలువ మీద చనిపోయాడు. ఆయన్ని సమాధి చేశారు. మూడో రోజున లేచాడు. ఆయన పంపిన పరిశుద్ధాత్ముడు మనతోనే ఉంటాడు. మనమూ ఒకరోజు లేస్తాం. ఆ పాపాల క్షమాపణ నువ్వు మంచిగా ఉండి సంపాదించేది కాదు నాన్నా, ఆయన ఊరికే ఇచ్చింది. తీసుకోవడమే."

"నాకు భయమేస్తోందిగా?"

"భయపడుతూనే తీసుకో. వద్దన్నాడా ఏంటి?"

ఆ సాయంత్రమే ఆవిడ బోధకుడి దగ్గరకు వెళ్ళారు. "రాకడ నేనూ నమ్ముతానండి. కానీ పిల్లల్ని హడలగొడితే వచ్చేది నమ్మకం కాదండి" అన్నారట అందరి ముందూ. దైవజనుడికి ఎదురు చెప్పిందని సంఘపెద్దలు ఆవిడను ఏడాదిపాటు సండేస్కూల్ నుంచి తప్పించారు. ఆ ఏడాది ఒక్క ఆదివారమూ ఆవిడ మానలేదు. వెనక వరసలో కూర్చుని పాట అందుకునేవారు. "నన్ను తీసేసింది పాఠంలోంచేగా, ఆయన దగ్గర్నుంచి కాదుగా" అన్నారు మా అమ్మతో.

పెనుమూడి దగ్గర కృష్ణలో నా బాప్తిస్మం రోజున, నీళ్ళు నడుముదాకా వచ్చేసరికి వణికిపోయాను. ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డది ఆవిడే.

నెల కిందట తెనాలి ఆస్పత్రిలో ఆవిడను చూశాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మాస్కు పక్కకు లాగి నా మణికట్టు పట్టుకున్నారు.

"భయమేస్తోందమ్మాయ్."

"మీకా?"

"ఊపిరాడకపోతే ఎవరికైనా అంతే. సిలువకు ముందు రాత్రి ఆ తోటలో ఆయనకి మాత్రం చెమటలు పట్టలేదా? నాకు అన్నీ చెదిరిపోతున్నాయే. నువ్వు చెప్పు."

చిన్నప్పుడు ఆవిడ చెప్పిన వరసలోనే మొదలుపెట్టాను. ఒక్కో మాటకీ కళ్ళు మూసి తెరిచేవారు. "సమాధి చేశారు" అన్నాక ఆగిపోయాను. నీలం తిరిగిన ఆ గోళ్ళు చూస్తూ తర్వాతి మాట అనలేకపోయాను. అది నిజంగా నమ్ముతున్నానా అని మొదటిసారి నన్ను నేను అడిగాను.

"అక్కడ ఆపకే తల్లీ" అన్నారు. "అక్కడ ఆపితే మనకేం లేదు."

"లేచాడు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "మనమూ లేస్తాం."

ఆవిడ మాస్కు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

ఇక నేను ఆగిపోతే "అక్కడ ఆపకే" అనేవాళ్ళు లేరు. ఫోన్ రాగానే వేసిన భయం అదే. ఇప్పటికీ పోలేదు.

సోమవారం రేపల్లెలో సమాధి చేశాం. నాలుగడుగులు తవ్వేసరికే గుంటలో నీళ్ళు ఊరాయి. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. "ఇంకా తోడండి బాబాయ్, అమ్మ తడిసిపోద్ది" అని కూతురు బతిమాలుతోంది. పెట్టె దించాక మట్టి వెయ్యబోయాను. నల్లమట్టి, ముద్దలా అరచేతికి అంటుకుపోయింది. విదిలించినా పడలేదు. రెండో చేత్తో గీకి వేశాను.

బాపట్ల బస్సులో కూర్చున్నాక చూస్తే, చేతి గీతల్లో ఆ మట్టి ఆరి బూడిదరంగుకు తిరుగుతోంది. ఒళ్ళో నీళ్ళ సీసా ఉంది. మూత తియ్యలేదు.